రియాద్ నుంచి సముద్రానికి రైలుబండి

రియాద్‌లో ఉన్న మనవాళ్ళని సెలవుల్లో ఎక్కడికి వెళ్ళారని అడిగితే వచ్చే జవాబులు మూడే. ఇండియా వెళ్ళాం, మాల్‌కి వెళ్ళాం, ఎక్కడికీ వెళ్ళలేదు! మా ఇంట్లో పదకొండేళ్ళ పాటు మూడోదే ఖాయం. ప్రతి ఈద్‌కీ ముందు మా ఆవిడ "ఈసారి సముద్రం దగ్గరికి వెళ్దామండీ" అనేది. "వచ్చే ఈద్‌కి తప్పకుండా" అని నేను అనేవాణ్ణి. ఆ వచ్చే ఈద్ ఎప్పుడూ వచ్చే ఈద్‌గానే ఉండిపోయింది.

మా ఆవిడది భీమిలి. ఇంటి అరుగు మీద కూర్చుంటే అలల చప్పుడు వినిపించే ఊరు. నాది జగిత్యాల దగ్గర పల్లె. చెరువు తప్ప సముద్రం ఎరగని వాణ్ణి. నేను మొదటిసారి సముద్రం చూసింది 1998లో, బొంబాయి నుంచి రియాద్ వస్తున్న విమానం కిటికీలోంచి. అదీ రెండు నిమిషాలు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌లో కూర్చుని, చుట్టూ నాలుగు వందల కిలోమీటర్ల మేర నీటి చుక్క లేని ఊళ్ళో నెట్టుకొచ్చాను.

పిల్లలు సముద్రం చూడలేదని కాదు. రెండేళ్ళకోసారి అమ్మమ్మగారింటికి వెళ్ళినప్పుడు భీమిలిలో ఒడ్డునే గడిపేవారు. నాకు దొరికే సెలవు తక్కువ. పదిహేను రోజులు వచ్చి, మా పల్లెలో అమ్మ దగ్గర ఉండి, పొలం పని, బ్యాంకు పని చూసుకుని తిరిగి వచ్చేసేవాణ్ణి. మా నలుగురం కలిసి సముద్రం ముందు నిలబడ్డ ఫోటో ఒక్కటి కూడా లేదు.

2017 జూలైలో ఇక్కడ డిపెండెంట్ ఫీజు మొదలైంది. ఒక్కో కుటుంబ సభ్యుడికి నెలకు 100 రియాల్స్. ఏటా మరో వంద పెరుగుతూ 2020 నాటికి 400 అవుతుందని ముందే ప్రకటించారు. నేను అకౌంటెంట్‌ని. కాగితం తీసుకుని లెక్క వేయడానికి రెండు నిమిషాలు పట్టింది. మా ఆవిడ, ఇద్దరు పిల్లలు... మొదటి ఏడాది నెలకు 300, చివరికి నెలకు 1200. అంటే ఏడాదికి 14,400 రియాల్స్. పైన ఇంటి అద్దె, స్కూలు ఫీజు, స్కూలు బస్సు. నా జీతం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఆ ఏడాది మా బిల్డింగ్‌లోనే చాలా ఇళ్ళలో ఇదే కాగితం, ఇదే లెక్క. వారం వారం ఎవరో ఒకరింట్లో ఫ్రిజ్, సోఫా అమ్మకానికి పెట్టేవారు. పిల్లల పరీక్షలు 2018 మార్చిలో అయిపోగానే వాళ్ళు ముగ్గురూ ఫైనల్ ఎగ్జిట్ మీద భీమిలి వెళ్ళేటట్టు, నేను బ్యాచిలర్ గదికి మారేటట్టు తేల్చుకున్నాం.

అప్పుడు మా ఆవిడ మళ్ళీ సముద్రం మాట ఎత్తింది. నేను నా లెక్కల బుద్ధి పోనిచ్చుకోకుండా, "ఇప్పుడెందుకు ఖర్చు? ఇంకో నెలలో భీమిలిలో ఉంటారు. రోజూ సముద్రమేగా!" అన్నాను.

ఆవిడ చేతిలో ఉన్న పెట్టె తాళం కింద పెట్టి, "భీమిలిలో సముద్రం ఎలాగూ ఉంటుందండీ. మీరుండరు కదా" అంది.

ఆ రాత్రే ప్లాను మొదలైంది.

*

రియాద్ నుంచి సముద్రం చూడాలంటే రెండు దిక్కులు. పడమట ఎర్ర సముద్రం, అంటే జెద్దా. రోడ్డు మీద 950 కిలోమీటర్లు. రైలు లేదు, ఇప్పటికీ రాలేదు. తూర్పున దమ్మామ్, ఖోబర్. నాలుగు వందల కిలోమీటర్లు. దీనికి మాత్రం రైలుంది. ఇవాళ్టిది కాదు సుమా! రాజు అబ్దుల్ అజీజ్ పట్టుబట్టి కోరితే, ఆరామ్‌కో కంపెనీ ఆధ్వర్యంలో పట్టాలు వేశారు. 1951 అక్టోబరులో రియాద్‌లో ప్రారంభించారు. అసలు ఉద్దేశం ప్రయాణికులు కాదు, దమ్మామ్ రేవులో దిగిన సరుకు రాజధానికి చేర్చడం. ఆ పాత లైను హరద్, ఖర్జ్ మీదుగా చుట్టూ తిరిగి వస్తుంది. హఫూఫ్ నుంచి రియాద్‌కి నేరుగా వచ్చే లైను 1985లో పడింది. ఇప్పుడు మనం ఎక్కే రైలు దాని మీదే నడుస్తుంది. దమ్మామ్ నుంచి రియాద్ దాకా 449 కిలోమీటర్లు, మధ్యలో రెండే స్టేషన్లు, అబ్‌ఖైఖ్, హఫూఫ్.

ఈ సంగతులన్నీ ఫోన్‌లో అమ్మకి చెప్తే, "ఎడారిల రైలెక్కి సముద్రం కాడికి పోతరా? మన జగిత్యాలకు రైలు రావడానికి ఎన్నేండ్లాయె బిడ్డా!" అంది. నిజమే. మా పెద్దపల్లి-నిజామాబాద్ లైను పూర్తి కావడానికి 2017 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ లైను గురించి వింటూనే నేను పుట్టి, పెరిగి, దేశం దాటాను.

కారులో పోదామన్నది నా మొదటి ఆలోచన. 2018 జనవరిలో పెట్రోలు ధర 75 హలాలాల నుంచి ఒక రియాల్ 37 హలాలాలకి పెరిగినా, నలుగురి రైలు టికెట్ల కన్నా కారే చవక. మా అమ్మాయి ఒప్పుకోలేదు. దానికప్పుడు ఎనిమిదేళ్ళు. "కార్లో అయితే నాకు నాన్న వీపు ఒక్కటే కనపడుతుంది. రైల్లో అయితే నాన్న మొహం కనపడుతుంది" అంది. ఇంక లెక్క ఏముంది! పైగా ఆడవాళ్ళకి డ్రైవింగ్ అనుమతి అమల్లోకి వచ్చింది 2018 జూన్ 24న. మార్చిలో అయితే వెళ్ళడం రావడం ఎనిమిది వందల కిలోమీటర్లూ నేనొక్కణ్ణే తోలాలి.

తర్వాతి తగాదా ఏ రైలు అన్నది. గురువారం ఆఫీసు అయ్యాక సాయంత్రం బండి ఎక్కితే ఒక్క రోజు సెలవు కూడా పెట్టక్కర్లేదు. శుక్ర, శనివారాలు ఎలాగూ సెలవే. (2013 దాకా మనకి గురు, శుక్రవారాలు సెలవుండేవి, పాతవాళ్ళకి గుర్తే.) ఈసారి మా అబ్బాయి అడ్డం పడ్డాడు. "చీకట్లో రైలెక్కితే ఎడారి ఎలా కనపడుతుంది నాన్నా?" అని. పన్నెండేళ్ళవాడి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. గురువారం సెలవు అడిగాను. మా మేనేజరు కాసేపు నా మొహం చూసి, "ఫ్యామిలీ ఎప్పుడు వెళ్తోంది?" అని మాత్రం అడిగి సంతకం పెట్టేశాడు.

బస కోసం హోటలు అక్కర్లేదు. ఖోబర్‌లో వంటిల్లుతో ఉండే ఫర్నిష్డ్ అపార్ట్‌మెంట్లు రోజుల లెక్కన దొరుకుతాయి. ఇఖామాలు, కుటుంబం అని చూపించే కాగితాలు వెంట ఉండాలి. హాఫ్ మూన్ బే ఒడ్డున షాలేలు కూడా ఉన్నాయి కానీ వారాంతం అద్దె వింటే సముద్రం మీద మోజు తగ్గిపోతుంది. మా కింది వాటాలో ఉండే కడప భాయ్ అంతకు ముందు మూడుసార్లు వెళ్ళొచ్చాడు. ఆయన చెప్పినవన్నీ పనికొచ్చాయి. వేసవిలో వెళ్ళొద్దు, అక్కడ ఎండతో పాటు ఉక్కపోత కూడా ఉంటుంది, గాలి పీల్చుకున్నట్టు కాదు, తాగినట్టుంటుంది అన్నాడు. నవంబరు నుంచి మార్చి చివరి దాకా మంచిది. శుక్రవారం మధ్యాహ్నం నమాజ్ అయ్యే దాకా కొట్లు తెరవరు కనుక సామాను ముందు రోజే కొనుక్కోవాలి. పిల్లలకి చాపలూ, టోపీలూ, తాగడానికి రెండింతలు నీళ్ళు తీసుకెళ్ళాలి.

ఇంకో సలహా ఆయన ఇచ్చినా మేం సరిగ్గా వినలేదు. రియాద్‌లో ఇప్పుడు రెండు రైల్వే స్టేషన్లున్నాయి. దమ్మామ్ బండి ఆగేది మలజ్ వైపున్న పాత స్టేషన్‌లో. ఖసీమ్, హాయిల్ వైపు వెళ్ళే ఉత్తర లైనుకి 2017లో తెరిచిన కొత్త స్టేషన్ వేరే ఉంది, విమానాశ్రయం దారిలో. టాక్సీ అతనికి నేను "మహత్తత్ కితార్" అన్నాను. అంటే రైలు స్టేషనే. ఆయన తిన్నగా ఉత్తరానికి పట్టాడు! ఇరవై నిమిషాల తర్వాత విమానాశ్రయం బోర్డు చూసి మా అబ్బాయి అరిచాడు కనుక సరిపోయింది. పాత స్టేషన్‌కి వెళ్ళాలంటే "సిక్కత్ అల్ హదీద్" అనాలట. ఇనుప దారి అని అర్థం. ఎందుకైనా మంచిదని మేం గంటన్నర ముందు బయల్దేరాం కాబట్టి బండి అందింది. మీరు వెళ్తే ఈ రెండు మాటలూ కాగితం మీద రాసి పెట్టుకోండి.

*

మన రైలు అనుకుని వెళ్తే ఇక్కడి రైలు కొంచెం నిరాశపరుస్తుంది. విమానాశ్రయంలోలా సామాను మెషిన్‌లో పెట్టాలి, పేరూ ఇఖామా నంబరూ చూపించాలి. టీ, కాఫీ అని కేకలు లేవు. ఉడకబెట్టిన పల్లీలు లేవు. తలుపు దగ్గర నిలబడి గాలి తినే వీల్లేదు. చల్లగా, శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంటుంది. మా ఆవిడ తెచ్చిన పులిహోర డబ్బా మూత తీయగానే పెట్టె సగం మంది తల తిప్పి చూశారు. ఎదురు వరసలో కూర్చున్న ఒక సౌదీ ముసలాయన తన సంచిలోంచి ఖర్జూరాలు తీసి పిల్లల చేతుల్లో పోశాడు. మా ఆవిడ కాగితం ప్లేటులో పులిహోర పెట్టి పంపింది. ఆయన కరివేపాకు తీసి పక్కన పెట్టి, పచ్చిమిరపకాయ కొరికి, కళ్ళు తుడుచుకుని, "జైన్, జైన్" అన్నాడు. బాగుందనేనా, నీళ్ళు కావాలనా అన్నది మాకు తెలియలేదు. నీళ్ళు కూడా ఇచ్చాం.

రియాద్ దాటిన తర్వాత చాలాసేపు బూడిద రంగు నేలే. ఉన్నట్టుండి ఇసుక ఎర్రబడింది. దహ్నా అంటారు దాన్ని. ఉత్తరాన నఫూద్ నుంచి దక్షిణాన రుబ్ అల్ ఖాలీ దాకా వెయ్యి కిలోమీటర్లకు పైగా పొడవున సాగే ఇసుక పట్టీ. మా అబ్బాయి కిటికీకి ముక్కు ఆనించి ఒంటెలు లెక్క పెట్టాడు. అమ్మాయి వాడి లెక్క తప్పని గొడవ. నేను చేయాల్సిన పనేమీ లేదు. స్టీరింగ్ లేదు, కంప్యూటర్ లేదు. పిల్లల మొహాలు చూస్తూ కూర్చున్నాను. మా వాడికి పై పెదవి మీద నూగు మొదలైందని ఆ రైల్లోనే గమనించాను.

హఫూఫ్ దగ్గరికి వచ్చేసరికి ఎడారి మధ్యలో కోనసీమ లేచినట్టు పచ్చదనం! అల్ అహ్సా ఒయాసిస్సు. పాతిక లక్షల ఖర్జూరపు చెట్లున్న చోటు. 2018లోనే యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. మీకు ఇంకో రోజు వెసులుబాటుంటే ఇక్కడ దిగండి. ఖారా కొండ గుహలు మండు వేసవిలో కూడా చల్లగా ఉంటాయి, పాత ఖైసరియా బజారులో పిల్లలకి కాలక్షేపం. మాకు అంత టైము లేదు. ముసలాయన అక్కడే దిగిపోతూ మా అమ్మాయి తల మీద చెయ్యి పెట్టి ఏదో దీవించాడు. తర్వాత అబ్‌ఖైఖ్. గొట్టాలు, ట్యాంకులు, దూరాన మంట. మన జీతాలన్నిటికీ మూలం ఆ గొట్టాల్లోనే ఉందని పిల్లలకి చెప్పాను. 1938లో దమ్మామ్ ఏడో నంబరు బావిలో చమురు సమృద్ధిగా పడకపోయి ఉంటే జగిత్యాల వాడికీ భీమిలి పిల్లకీ ఈ రైల్లో పనేముంది? ఆ బావి ఉన్న ధహ్రాన్‌లోనే ఇప్పుడు ఇథ్రా అనే పెద్ద సాంస్కృతిక కేంద్రం ఉంది. పిల్లలున్నవాళ్ళు తప్పక చూడండి.

నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం తర్వాత దమ్మామ్‌లో దిగాం. స్టేషన్ బయటికి రాగానే మా ఆవిడ ఆగిపోయి గట్టిగా ఊపిరి పీల్చింది. "వాసన వస్తోంది" అంది. నాకు డీజిల్ వాసన తప్ప ఏమీ రాలేదు.

*

శుక్రవారమంతా హాఫ్ మూన్ బేలో గడిచింది. ఖోబర్‌కి దక్షిణాన నెలవంకలా వంగిన తీరం, నీళ్ళ దాకా దిగి వచ్చిన ఇసుక దిబ్బలు. గల్ఫ్ మన బంగాళాఖాతం లాంటిది కాదు. సగటు లోతు 35 మీటర్లకి మించదు. అలలు కూడా అడిగి వస్తున్నట్టు మెల్లగా వస్తాయి. మా అబ్బాయి వంద అడుగులు లోపలికి నడిచి వెనక్కి తిరిగి, "నాన్నా, ఇంకా మోకాలే!" అని అరిచాడు. నాకు ఈత రాదు. బూట్లు విప్పకుండా చాప మీద కూర్చున్నాను. మా అమ్మాయి వచ్చి ఒక బూటు లాగేసింది. రెండోది నేనే విప్పాను. నీళ్ళు నోట్లో పోసుకుని చూస్తే మన సముద్రం కన్నా ఉప్పు ఎక్కువ. ఎండ ఎక్కువ, వచ్చి కలిసే నదులు తక్కువ కదా మరి.

సాయంత్రం ఖోబర్‌లో చేపలు కొన్నాం. కనాద్ అంటే మన వంజరమే, ముక్కలు కోయించి తెచ్చుకుంటే అపార్ట్‌మెంట్ చిన్న పొయ్యి మీద మా ఆవిడ పులుసు పెట్టింది. చింతపండు రియాద్ నుంచి తెచ్చింది, బత్తాలో కొన్నది. తర్వాత టాక్సీలో దక్షిణంగా వెళ్ళి బహ్రెయిన్ వంతెన దీపాలు చూశాం. 25 కిలోమీటర్ల పొడవున సముద్రం మీద వేసిన ఈ దారి 1986లో తెరిచారు. అవతల ఇంకో దేశం. వెళ్ళాలంటే మన ఇఖామా వాళ్ళకి ఎగ్జిట్ రీఎంట్రీ తీసుకోవాలి, మనిషికి 200 రియాల్స్. "మనం ఆల్రెడీ విదేశంలోనే ఉన్నాం కదా, ఇంకా విదేశం ఎందుకు?" అంది మా అమ్మాయి. ఈ పిల్ల పుట్టింది రియాద్‌లో. తనకి ఏది విదేశమో నేను అడగలేదు.

శనివారం తెల్లవారుజామున మా ఆవిడ అందర్నీ లేపేసింది. ఖోబర్ కార్నిష్ తూర్పుకి తిరిగి ఉంటుంది. అంటే భీమిలిలో లాగే ఇక్కడా సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు. జెద్దా వెళ్ళి ఉంటే అస్తమయమే దొరికేది. పదకొండేళ్ళుగా ఆవిడ అడుగుతున్నది ఏ సముద్రమైనా కాదని, ఈ సముద్రమేనని నాకు అప్పుడు తెలిసింది. ఎర్రగా అంచు కనబడింది. మా వాడు నా పక్కనే నిలబడ్డాడు. కాసేపాగి, "నాన్నా, మేం వెళ్ళాక నువ్వు ఒక్కడివే ఇక్కడికి వస్తావా?" అన్నాడు.

"వస్తాను" అన్నాను.

"రైల్లోనే రా. కార్లో వస్తే నిద్ర వస్తుంది నీకు."

అక్కడే తిరుగుతున్న ఒక ఫిలిప్పీన్స్ కుర్రవాణ్ణి పిలిచి ఫోటో తీయమన్నాం. నలుగురం ఉన్నాం. సూర్యుడు మా వెనక ఉండటంతో మొహాలు నల్లగా పడ్డాయి, ఎవరెవరో పొడుగుని బట్టి పోల్చుకోవాలి. ఆ ఫోటోనే భీమిలి ఇంట్లో హాల్లో ఉంది.

తిరుగు బండిలో ముగ్గురూ నిద్రపోయారు. నేను పోలేదు. మూడు వారాల తర్వాత వాళ్ళు విమానం ఎక్కారు.

*

రియాద్ మారిపోయింది. 2024 డిసెంబరు 1న మెట్రో మొదలైంది. రైళ్ళు నడిపే సంస్థ పేరు మారింది, టికెట్లు ఫోన్‌లోనే దొరుకుతాయి. నేను మాత్రం ఏటా ఒకటి రెండుసార్లు సిక్కత్ అల్ హదీద్‌కి వెళ్ళి దమ్మామ్ బండి ఎక్కుతాను. పగటి బండే. మొదటిసారి ఒంటరిగా వెళ్ళినప్పుడు ఖోబర్ కార్నిష్ మీద నిలబడి వీడియో కాల్ చేసి సూర్యోదయం చూపించాను. "మా దగ్గర వచ్చి చాలాసేపైంది నాన్నా. నువ్వు రెండు గంటలు లేటు!" అంది మా అమ్మాయి, బడికి జడ వేయించుకుంటూ.

ఇప్పుడు అబ్బాయి విశాఖలో ఇంజనీరింగు. ఈ డిసెంబరు సెలవులకి ముగ్గురూ విజిట్ వీసా మీద వస్తున్నారు. వీసా కాగితాల కంటే ముందే ప్లాను వచ్చేసింది. గురువారం పొద్దున బండి, ఈసారి హఫూఫ్‌లో ఒక రోజు, తర్వాత ఖోబర్. మా ఆవిడ చింతపండు అక్కడి నుంచే తెస్తానంది. నిన్న రాత్రి టికెట్ల సంగతి మాట్లాడుతుంటే అబ్బాయి, అమ్మాయి ఫోన్‌లో ఒకేసారి అడిగారు, కిటికీ సీటు ఎవరికని. నాకు కావాలన్నాను. ఇద్దరూ ఒప్పుకోలేదు.